లాన్ బౌల్స్ వాళ్ల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బాగా పరిగెత్తేది, మోకాలు దెబ్బతింది, డాక్టర్ ఇక పరుగు వద్దన్నారు. ఆ రోజు నుంచి గ్రౌండ్ వైపే రావట్లేదు. ఆ పిల్లకి లాన్ బౌల్స్ (గడ్డి మీద బంతులు దొర్లించే ఆట) ఆడే నయన్‌మోని సైకియా గురించి చెబుదామని మన పేపర్లు ఎన్ని తిరగేసినా చూపించడానికి ఒక్క మంచి వ్యాసం దొరకలేదు, అందుకే ఈ ఉత్తరం.

నయన్‌మోనిది అస్సాంలోని గోలాఘాట్. మొదట వెయిట్ లిఫ్టర్. కాలికి గాయమై అది వదిలేయాల్సి వచ్చింది, లాన్ బౌల్స్‌కి మారారు. లవ్లీ చౌబే కూడా అథ్లెటిక్స్ నుంచి వచ్చినావిడే, జార్ఖండ్ పోలీసుల్లో కానిస్టేబుల్. పింకీ ఢిల్లీలో నాలాగే బడిలో ఆటలు నేర్పే టీచర్. రాంచీ రూపారాణి టిర్కీ ఒకప్పుడు కబడ్డీ ఆడేవారు, జట్టుకి స్కిప్ ఆవిడే, అంటే చివరి బంతులు వేసే మనిషి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఈ నలుగురూ సెమీస్‌లో న్యూజిలాండ్‌ని 16-13తో, ఆగస్టు 2న ఫైనల్లో దక్షిణాఫ్రికాని 17-10తో ఓడించి బంగారం తెచ్చారు. ఈ ఆటలో కామన్వెల్త్ క్రీడల్లో మన దేశానికి అదే తొలి పతకం. ఫైనల్లో 8-2తో ముందున్నవాళ్లు కాస్తా 8-10కి వెనకబడిపోతే నాకు టీవీ ముందు ఎంత టెన్షనో, ఆ తర్వాత అవతలి వాళ్లకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు.

ఆట తెలియదు కాబట్టి జనం చదవరు అంటారేమో. గోలీలాడిన ఎవరికైనా ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది. జాక్ అనే చిన్న తెల్ల బంతి దగ్గరికి మన పెద్ద బంతుల్ని దొర్లించాలి, అవతలి వాళ్ల దగ్గరి బంతి కంటే మనవి ఎన్ని దగ్గరగా ఆగితే అన్ని పాయింట్లు. కష్టమెక్కడంటే, ఆ బంతి తిన్నగా పోదు. వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకి వంగుతుంది, ఆ వంపు లెక్కేసి వదలాలి. చేతికీ కంటికీ పని, మనసు నిలకడగా ఉండాలి. మోకాలు పాడైన పిల్ల ఇది ఎందుకు ఆడకూడదు?

ఆ 2022లోనే అర్జున అవార్డుల జాబితాలో మన నిఖత్ జరీన్, ఆకుల శ్రీజ ఉన్నారు, నయన్‌మోని కూడా ఉన్నారు. మన పిల్లల ఫొటోలు పెద్దగా వేశారు, వేయాల్సిందే, చాలా సంతోషించాను. కానీ నాకు వచ్చిన పేపర్లో నయన్‌మోని పేరు జాబితాలో ఒక మాటగా పోయింది. మరుసటి ఏడాది పింకీకి అర్జున వచ్చినప్పుడూ అంతే.

ఇంకో సంగతి. గ్లాస్గోలో 2026 కామన్వెల్త్ క్రీడలకి పదే ఆటలు ఉంచారు. బ్యాడ్మింటన్ తీసేశారు, హాకీ, కుస్తీ తీసేశారు, షూటింగ్, టేబుల్ టెన్నిస్ కూడా లేవు. మనకి పతకాలు తెచ్చే ఆటలు చాలా పోయాయని మీరూ రాశారు, నేనూ బాధపడ్డాను. అయినా బౌల్స్ ఉంది! 2030 క్రీడలు అహ్మదాబాద్‌లోనే జరగబోతున్నాయి. ఢిల్లీ 2010 క్రీడలకి మనవాళ్లు ఈ ఆటకి కొత్త. అప్పటి నుంచి పన్నెండేళ్లు, ఈ క్రీడల్లో పతకం లేదు, పేరు లేదు, ఉద్యోగాలు చేసుకుంటూనే ఆడారు. ఆ పన్నెండేళ్లు ఎలా గడిచాయో, సెలవులు ఎలా పెట్టుకున్నారో, ఎక్కడ ప్రాక్టీస్ చేశారో వాళ్లనే అడిగి రాయండి సార్. గెలిచిన రోజు ఫొటో అందరూ వేస్తారు.

మా చుట్టుపక్కల ఈ ఆటకి మైదానం నాకు తెలిసి ఒక్కటీ లేదు. దాని గురించి అధికారులకి విడిగా రాస్తున్నాను. మీరు ఆదివారం ఒక్క పేజీ ఇవ్వండి చాలు, కత్తిరించి ఆ పిల్ల చేతిలో పెడతాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు