పరీక్షలో ‘బైక్’ అంటే సైకిలే

సంపాదకులకు నమస్కారం.

విదేశీ చదువులకు వెళ్లే పిల్లల కోసం చదువు పేజీల్లో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు నమూనా జవాబులు అచ్చవుతుంటాయి. ఆ జవాబుల వల్ల మేలు కంటే కీడే ఎక్కువని మా అభిప్రాయం. అందులో ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే స్పీకింగ్ పరీక్షలో తరచూ వచ్చే సైకిల్, చిన్నతనం ప్రశ్నలనే తీసుకుని చెబుతాం.

‘డిడ్ యూ హ్యావ్ ఎ బైక్ వెన్ యూ వర్ యంగ్?’ అన్న ప్రశ్నలో మనవాళ్లు తడబడేది వ్యాకరణం దగ్గర కాదు, ‘బైక్’ దగ్గర. మనకు బైక్ అంటే పెట్రోలు పోసే బండి. పరీక్షలో అడిగేది తొక్కే సైకిల్ గురించి. అది తట్టనివాళ్లు లైసెన్సు లేదనో, నాన్న బండి ఇవ్వలేదనో మొదలుపెడతారు. అనుమానం వస్తే ‘డూ యూ మీన్ ఎ బైసికిల్?’ అని అడిగేయడమే. ఆ మాటను పలకాల్సింది కూడా ‘బైసికిల్’ అనే, ‘బైసైకిల్’ అని కాదు.

ఇక చిన్నప్పటి అలవాట్లు. ‘బడికి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి’ అన్నదానికి ఇంగ్లిష్‌లో సరిగ్గా సరిపోయేది ‘యూస్డ్ టు’. దాన్ని విడదీయకుండా ‘యూస్టు’ అని కలిపి పలకాలి. తెలుగులో ‘వెళ్లేవాణ్ణి, తొక్కేదాన్ని’ అని వచ్చినచోట ఇది వాడొచ్చు. ‘పడ్డాను, విరిగింది’ అని వచ్చినచోట మాత్రం వాడకూడదు. ‘వన్ డే ఐ యూస్డ్ టు ఫాల్’ అనేవాళ్లు ఈ తేడా చూడనివాళ్లే. ఒక్కసారి జరిగినదానికి ‘వన్ డే ఐ ఫెల్ ఆఫ్’ చాలు. ఇంత చక్కటి కొలబద్ద మన భాషలోనే ఉండగా టెన్సుల పట్టికలు బట్టీ పట్టించడం ఎందుకో తెలియదు!

తెలుగును మాటకు మాట మార్చడం వల్ల వచ్చే తప్పులూ ఉన్నాయి. ‘నాకు సైకిల్ వచ్చు’ అనడానికి ‘ఐ నో సైకిల్’ అంటారు. ‘ఐ కెన్ రైడ్ ఎ బైక్’ అనాలి. ‘ఉండేది’ అనడానికి ‘ఐ వాజ్ హ్యావింగ్’ అక్కర్లేదు, ‘ఐ హ్యాడ్’ చాలు. సైకిల్‌ను ‘డ్రైవ్’ చేయరు, ‘రైడ్’ చేస్తారు. దాని రూపాలు రైడ్, రోడ్, రిడెన్. ‘రైడెడ్’ అన్న మాటే లేదు. చైను ఊడితే ‘ద చైన్ కేమ్ ఆఫ్’. గాలి పోతే ‘ఎయిర్ వెంట్’ కాదు, ‘ఐ హ్యాడ్ ఎ ఫ్లాట్ టైర్’. గాలి కొట్టడం ‘పంప్ అప్ ద టైర్స్’. చెల్లిని వెనక క్యారేజీ మీద ఎక్కించుకోవడం ‘గివ్ హర్ ఎ రైడ్ ఆన్ ద బ్యాక్’.

స్పీకింగ్ పరీక్షకు మూడు భాగాలు, మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మార్కులు నాలుగింటికి సమానంగా పడతాయి: ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. చెప్పింది నిజమా కాదా అని ఎవరూ చూడరు. సైకిల్ లేకపోతే లేదనే చెప్పొచ్చు, కాకపోతే ‘నో’ అని ఆగిపోకూడదు. ఎందుకు లేదో, బడికి ఎలా వెళ్లేవారో రెండు మాటలు కలిపితే అదే మంచి జవాబు.

మొదటి భాగం నాలుగైదు నిమిషాలే కాబట్టి ఒక్కో ప్రశ్నకు రెండు మూడు వాక్యాలు చాలు. ఉదాహరణకు: ‘ఎస్, ఐ హ్యాడ్ ఎన్ ఓల్డ్ వన్. ఇట్ వాజ్ మై బ్రదర్స్, సో ద సీట్ వాజ్ టూ హై. ఐ యూస్డ్ టు రైడ్ ఇట్ విత్ వన్ లెగ్ అండర్ ద బార్.’ ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. అయినా సీటు అందక కడ్డీ కింద కాలు దూర్చిన పిల్లవాడు కనిపిస్తున్నాడు. ‘మై చైల్డ్‌హుడ్ వాజ్ ఫుల్ ఆఫ్ అన్‌ఫర్గెటబుల్ మెమరీస్’ అన్న అచ్చు వాక్యంలో ఎవరూ కనిపించరు. పైగా దాన్ని గడగడా అప్పజెప్పిన నోరే ‘ఇప్పుడు ఎందుకు తొక్కడం లేదు?’ అన్న తర్వాతి ప్రశ్నకు నత్తి కొడుతుంది. బట్టీ బయటపడేది అక్కడే.

రెండో భాగంలో చిన్నప్పుడు నేర్చుకున్న విద్య గురించి చెప్పమని కార్డు రావచ్చు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు, కాగితం, పెన్సిలు కూడా ఇస్తారు. ఆ నిమిషంలో వాక్యాలు రాయబోతే రెండోది పూర్తికాకుండానే గడువు అయిపోతుంది. ‘ఎవరి సైకిల్, ఎవరు పట్టుకున్నారు, ఎక్కడ పడ్డారు, ఎప్పుడు వదిలేశారు’ అని నాలుగు ముక్కలు గీసుకుంటే చాలు. రెండు నిమిషాల వరకూ మాట్లాడొచ్చు. చాలామంది 40 సెకన్లకే ఆగిపోయేది ఇంగ్లిష్ రాక కాదు, ‘మా నాన్న నేర్పారు, చాలా సంతోషించాను’ అని కథను ముందే ముగించేసుకోవడం వల్ల. పడిన చోట కాసేపు నిలబడితే మాటలు అవే వస్తాయి: కంకర, గీసుకుపోయిన మోకాలు, వంకరపోయిన హ్యాండిల్.

మూడో భాగంలో పిల్లలు ఇప్పుడు సైకిల్ ఎందుకు తగ్గించారు, నగరాల్లో సైకిల్ దారులు వేయాలా అని అడుగుతారు. ఇక్కడ సొంత ముచ్చట్లు తగ్గించి సమాజం గురించి మాట్లాడాలి. దానికి సైకిళ్లకు పేరుపడ్డ ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద 9వ తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. బడి దూరమై చదువు మానేసే పిల్లల గురించి మాట్లాడటానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

అందుకే మీ చదువు పేజీలో జవాబుకు కేటాయించే చోట ప్రశ్న ఒక్కటే వేసి, దాని కింద నాలుగు గీతలు ఖాళీగా వదలమని మనవి.

ఇట్లు,
స్పోకెన్ ఇంగ్లిష్ ఉపాధ్యాయులు,
విజయవాడ