మర్రిగూడ దవాఖానకు అంశల స్వామి పేరు పెట్టాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మర్రిగూడ ప్రభుత్వ దవాఖానకు అంశల స్వామి పేరు పెట్టమని మా పంచాయతీలను, కలెక్టరు గారిని, వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. నేను ఈ ప్రాంతంలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లు తిరిగే సర్కారు నర్సుగా, పనిచేసి రిటైరయ్యాను. సూదిమందు డబ్బా భుజానికేసుకుని తిరిగిన ఊళ్లే కాబట్టి ఈ మాట అడిగే చనువు నాకుందనుకుంటున్నాను.

స్వామిది మర్రిగూడ మండలం శివన్నగూడెం. తాగిన ఫ్లోరైడ్ నీళ్లే ఆయన ఎముకలను వంచేశాయి. పెద్దయ్యాక కూడా చిన్నపిల్లవాడంత ఎత్తు దాటలేదు. నల్లగొండకు మంచి నీళ్ల కోసం జల సాధన సమితి పెట్టిన దుశర్ల సత్యనారాయణ గారు ఆయన్ని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయికి చూపించారు. నల్లగొండ నీళ్లు మనిషిని ఏం చేస్తాయో కాగితాల మీద లెక్కలు చెప్పని సంగతి, స్వామిని చూస్తే తెలిసిపోయేది. ఆ తర్వాత కూడా ధర్నా అన్నా, మీటింగ్ అన్నా మూడు చక్రాల బండి మీద వచ్చేవాడు. తనకు పింఛను కావాలనో ఇల్లు కావాలనో కాదు, ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాలని మాట్లాడేవాడు. పదవి వల్ల పేరొచ్చిన మనిషి కాదు. 2023 జనవరి 28న చనిపోయాడు. అంతకు ముందు, 2022 నవంబరులో మా మునుగోడు ఉపఎన్నిక వచ్చింది, మైకుల్లో ఫ్లోరైడ్ మాట మోగిపోయింది. ఓట్లు అయిపోయాక మైకులు వెళ్లిపోయాయి.

ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక ఆ రోజులు ఎలా ఉండేవో కొంచెం చెప్పాలి. మా నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. వానలు తగ్గి, చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ బాధ పెరిగింది. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదు. మా ఊళ్ల బోర్లలో దీనికి ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, రుచిలోనూ తేడా తెలియదు. మరగబెట్టి తాగుతున్నాం కదమ్మా అని తల్లులు ధీమాగా చెప్పేవాళ్లు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క మాట నమ్మించడానికి నా గొంతు ఎండిపోయేది.

ముందు పళ్లకు గార పట్టేది. ఎంత తోమినా పోని పసుపు, గోధుమ రంగు మరకలు. తర్వాత కీళ్లు. ఇంటింటికీ తిరిగేటప్పుడు మేము మూడు పనులు చేయించి చూసేవాళ్లం. గడ్డం ఛాతీకి ఆనించమనేవాళ్లం, చేతులు వెనక్కి మడిచి తల పట్టుకోమనేవాళ్లం, కింద రూపాయి బిళ్ల వేసి మోకాళ్లు వంచకుండా తీయమనేవాళ్లం. నలభై ఏళ్లు కూడా రాని ఒకామె ఆ బిళ్ల వైపు చూసి, గోడ పట్టుకుని, ఒక పక్కకు ఒరిగి ఒరిగి చివరికి కూలబడి తీసింది. మెడ తిరగదు. నేను పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. ఆ బిళ్ల తిరిగి నా చేతిలో పెట్టి, "దీనికి మందుందా సిస్టర్" అంది. ముదిరిన ఎముకలకు మందు లేదు. మంచి నీళ్లొక్కటే దారి. ఆ నీళ్లు తెచ్చివ్వడం నా డబ్బాతో అయ్యే పని కాదు. ఆ పనికి పూనుకున్నవాళ్లలో స్వామి ఒకడు. అందుకే నా దృష్టిలో ఆయన చేసింది ప్రజారోగ్య సేవ. దవాఖానకే ఆయన పేరు అడగడానికి కారణం ఇదే.

ఈ జిల్లా నీళ్ల కోసం చేసిన పోరాటం చిన్నది కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. అంతమంది పేర్లతో బ్యాలెట్ పత్రం అచ్చు వేయడమే అధికారులకు పెద్ద టెన్షన్ అయింది. గెలవడానికి కాదు, మా నీళ్ల గోస దేశం వినాలని వేసిన నామినేషన్లు అవి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందిస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరొచ్చింది. టాంజానియా, ఇథియోపియా దేశాల్లో కూడా దాన్ని వాడి చూశారు. ఊరి పేరు అంత దూరం పోయింది. ఆ నీళ్లు తాగి ఒళ్లు కోల్పోయిన మనుషుల్లో ఒక్కరి పేరైనా సొంత మండలంలో సర్కారు గోడ మీద ఉండాలని అడగడం ఎక్కువ కాదు. ఇంటింటికీ మంచి నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టారు. పథకానికి గుర్తు ఉంది, సంతోషం. దాని కోసం ఎండలో కూర్చున్న మనిషికీ గుర్తు కావాలి.

పేరు పెట్టడం అంటే జీవో తెచ్చి రిబ్బన్ కత్తిరించడం వరకే అయితే నాకు తృప్తి లేదు. సాగర్ ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరుంది, మిర్యాలగూడ వైపు ఎవరినడిగినా ఎడమ కాలువ అనే అంటారు. 2000లో నక్సలైట్ల మందుపాతరకు బలైన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి గారి పేరు మన సాగునీటి ప్రాజెక్టుకు పెట్టారు, అది ఏఎమ్మార్పీ అయిపోయింది. ఆ అక్షరాల వెనక ఎవరున్నారో కాలువ నీళ్లు పారించుకునే పిల్లలు చాలామంది చెప్పలేరు. స్వామి పేరుకు ఆ గతి పట్టకూడదు. బోర్డు మీద పూర్తి పేరు తెలుగులో రాయాలి. ఓపీ చీటీలు రాసే చోట, జనం నిలబడి ఎదురుచూసే గోడ మీద, ఆయన ఎవరో, ఏ నీళ్లు తాగి అలా అయ్యాడో, దేని కోసం తిరిగాడో పది లైన్లలో రాయించాలి. దాని కిందే పిల్లల పళ్ల మీద మరకలు కనిపిస్తే ఏం చేయాలో, ఏ నీళ్లు తాగకూడదో రాయాలి. చీటీ కోసం నిలబడ్డప్పుడు చదవడానికి అందరికీ తీరిక ఉంటుంది.

ఇంకొక షరతు కూడా ఉంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ఆయన పేరున్న భవనంలోకి ఆయనలాంటి మనిషి ఎవరి సాయం లేకుండా వెళ్లగలగాలి. మన సర్కారు భవనాలకు గుమ్మం ముందు మెట్లుంటాయి. ర్యాంపు ఉన్నా నిట్టనిలువుగా కడతారు, లేకపోతే దాని మీద బైకులు పెడతారు. చీటీ కిటికీ నిలబడ్డవాళ్ల ఛాతీ ఎత్తులో ఉంటుంది. మరుగుదొడ్డి తలుపులో మూడు చక్రాల బండి పట్టదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇవన్నీ సరిగ్గా ఉండాలని చెబుతూనే ఉంది. వాలు తక్కువగా ఉన్న ర్యాంపు, కూర్చున్న మనిషికి అందే కిటికీ, వెడల్పు తలుపు, పట్టుకోవడానికి కడ్డీ ఉన్న మరుగుదొడ్డి ముందు సరిచూసుకుని, ఆ తర్వాతే బోర్డు ఎక్కించండి. మెట్లు మాత్రమే ఉన్న భవనం మీద స్వామి పేరు రాస్తే అది ఆయనకు అవమానం.

మా ఇంట్లోనే ఒకరన్నారు, పేరు వల్ల ఏమొస్తుంది, ఆ డబ్బులతో మందులు కొనొచ్చు కదా అని. మందులు ఎలాగూ కొనాలి. బోర్డుకయ్యే ఖర్చు ఎంత? పేరు ఉంటే పని ఏమిటో నేను చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. భగీరథ పైపు ఎక్కడైనా పగిలి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే జనం మళ్లీ పాత బోరింగు దగ్గరికే బిందె పట్టుకుపోతున్నారు. కొత్త కోడళ్లకు ఆ నీళ్ల సంగతి తెలియదు. తెల్లగా ఉన్నాయి కదా అంటారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పళ్లు తయారయ్యే వయసు, ఆ నష్టం తర్వాత దిద్దలేం. పెద్దవాళ్లు పోతున్నారు, చెప్పేవాళ్లు తగ్గుతున్నారు.

ఏ పార్టీ పేరు పెట్టిందన్న పేచీ రాకూడదు. స్వామి పక్కన నిలబడి ఫొటో దిగని పార్టీ మా జిల్లాలో లేదనే చెప్పాలి, కాబట్టి అందరూ కలిసే అడగొచ్చు. శివన్నగూడెం, మర్రిగూడ గ్రామసభల్లో ముందు తీర్మానం చేయాలి. చుట్టుపక్కల పంచాయతీలూ చేస్తే ఇంకా బలం. ఆ కాగితాలు కలెక్టరు గారికి అందాలి, అక్కడి నుంచి శాఖకు వెళ్లాలి. ఆవిష్కరణకు మంత్రుల కోసం నెలలు ఆగొద్దు. ఫ్లోరైడ్‌తో నడుం వంగిన పెద్దమనిషి ఒకరి చేత బోర్డు మీది గుడ్డ తీయించండి చాలు. తీర్మానం రాయడానికి సాయం కావాలన్నా, గోడ మీద రాసే ఆరోగ్య సూచనలు సరిచూడాలన్నా నేను వస్తాను. పాత రిజిస్టర్లు రాసిన చేయి ఇంకా బాగానే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
నల్లగొండ జిల్లా