ల్యాప్‌టాప్ పట్టుకుని మా కొండల వైపు రండి, కరెంటు సంగతి ముందే అడగండి

సంపాదకులకు నమస్కారం.

ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని ఊళ్లు తిరుగుతూ ఉద్యోగం చేసుకునే వాళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. గోవా, బాలి, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ ఫొటోలు బాగున్నాయి గానీ, బీచ్‌లో పడక కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న అమ్మాయిని చూస్తే నవ్వొచ్చింది. ఆ ఎండకి స్క్రీన్ మీద ఏం కనబడుతుందండీ?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను, వీలు చిక్కితే రాయగడో కోరాపుటో జైపూరో (రాజస్థాన్‌ది కాదు, మాది) వెళ్లి కొన్నాళ్లు అక్కణ్ణుంచే చేసుకుంటాను. థాయ్‌లాండ్ వాళ్లు 2024లో ఇలాంటి వాళ్లకని 5 ఏళ్ల వీసా పెట్టారు, దానికి బ్యాంకులో 5 లక్షల భాట్ చూపించాలి. మా కోరాపుట్, జైపూర్ వైపు రావడానికి విశాఖలో కిరండూల్ బండి ఎక్కితే చాలు. ఆ బండిలో మాత్రం మీటింగు పెట్టుకోకండి, అరకు దారిలో వరసగా సొరంగాలే, మీరు మాట్లాడేది సగం కూడా అవతలకి చేరదు.

రాయగడ బజార్లో తెలుగుతోనే పని జరిగిపోతుంది. 1,672 మీటర్ల దేవమాలి, ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ, కోరాపుట్ జిల్లాలోనే ఉంది. అమెరికా క్లయింట్లతో పనిచేసే వాళ్లకైతే ఇంకా అనుకూలం, న్యూయార్క్‌లో పొద్దున్న 9 అంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30, కాబట్టి పగలు తిరిగొచ్చి రాత్రి పనిలో కూర్చోవచ్చు.

చిక్కల్లా ఆ సాయంత్రంతోనే. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు ఈదురుగాలులూ ఉరుములూ వచ్చేది ఎక్కువగా ఆ వేళకే, ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది, దాంతో వైఫై కూడా పోతుంది. పోనీ ఫోన్ హాట్‌స్పాట్ పెడదామా అంటే టవర్ బ్యాటరీ ఉన్నంతసేపే, ఆ తర్వాత డీజిల్ జనరేటర్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మీ పేపరు పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. అది తుపాను, దాన్ని వదిలేద్దాం. మామూలు గాలివానకే మీటింగు మధ్యలో మాయమైపోతే మేనేజరుకి ఎన్నిసార్లని చెబుతాం? ఆ టెన్షన్ పడలేకే చాలామంది తిరిగి హైదరాబాద్ పీజీల్లో చేరిపోతున్నారు.

నిజానికి దీనికి పెద్ద ఖర్చేం లేదు. ఫైబర్ లైనుకి రెండు కొసల్లో ఉన్న పెట్టెలకి కరెంటు అందితే చాలు, రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే దొరుకుతుంది. లాడ్జీల వాళ్లకి ఇది పట్టదు. మొన్న దిగిన గదిలో ఏసీ ఉంది, పెద్ద టీవీ ఉంది, పని చేసుకోవడానికి టేబుల్ లేదు. ఉన్న ఒక్క ప్లగ్గూ టీవీ వెనకాల, ఛార్జర్ వైరు మంచం దాకా రాదు, టీవీ పీకి టీపాయ్ గోడ దగ్గరికి లాక్కుని నేల మీద కూర్చున్నాను. రూటరేమో కింద రిసెప్షన్‌లో. అడిగితే కుర్రాడు "సినిమా బాగానే ఆడుతుంది మేడమ్" అన్నాడు.

సిక్కింలో యాక్‌టెన్ అనే కొండ ఊరిని 2025లో ఇలాంటి వాళ్ల కోసమే తయారుచేసి, హోమ్‌స్టేలతో పాటు ఇంటర్నెట్‌కీ కరెంటు బ్యాకప్‌కీ ఏర్పాట్లు చేశారు. మహేంద్రగిరి చుట్టుపక్కలా, కోరాపుట్‌లోనూ ఆ పని మొదలుపెట్టమని ఒడిశా టూరిజం వాళ్లని అడుగుతున్నాను. మీరు కూడా ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఫొటోల పక్కన కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది, ఏ నెట్‌వర్క్ అందుతుంది, నెల అద్దె ఎంత అన్నవి కూడా రాయించండి.

- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా