మంత్రి గారూ, మా మిషన్ ఒక్క అంకె దగ్గర ఆగింది

తెలంగాణ పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బాలానగర్‌లో మాది చిన్న వర్క్‌షాప్. ఫిక్స్‌చర్లు, పంపుల విడిభాగాలు చేస్తాం. మా మిల్లింగ్ మిషన్ వయసులో నాకంటే పెద్దది. దాని కంట్రోలర్ ఎప్పుడో పోతే, పాత కంప్యూటర్లో మిషన్‌ను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ వేసుకున్నాం. 1990లలో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. లైసెన్సు ఖర్చు లేదు.

మొన్న వేసవిలో ఒక సర్వో డ్రైవ్, అంటే మోటారును నడిపే పెట్టె, కాలిపోయింది. పాతవి పల్స్ లెక్కన నడిచేవి: ఇన్ని పల్సులు పంపితే మోటారు ఇంత తిరుగుతుంది, అంతే. ఆ రకం దొరక్క మూడు యాక్సిస్‌లకూ ఈథర్‌క్యాట్ డ్రైవ్‌లు, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద కంప్యూటర్‌తో మాట్లాడేవి, కొన్నాం. సరుకు మంచిదే, ఆ మాట ఒప్పుకోవాలి. ఆదేశాలు, ఎన్‌కోడర్ రీడింగ్, అలారాలు అన్నీ ఒకే కేబుల్లో వస్తాయి.

కానీ ఎనేబుల్ చేయగానే సింక్ అలారం, అంటే డ్రైవ్‌కూ కంప్యూటర్‌కూ టైమింగ్ కలవడం లేదని! కేబుళ్లు మార్చాం, ఎర్తింగ్ చూశాం. తొమ్మిది రోజులు పని లేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మా కంట్రోలర్ కొనండి సార్, వెంటనే నడుస్తుంది" అన్నారు. మా మిషన్ అమ్మినా ఆ కంట్రోలర్ రాదు.

చివరికి చర్లపల్లిలో అవే డ్రైవ్‌లు వాడే ఒకాయన, డ్రైవ్ వివరాలు కంపెనీ రాసిపెట్టే ఈఎస్ఐ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. డ్రైవ్ గడియారం, కంప్యూటర్ గడియారం ఒకే తాళం మీద నడవాలంటే ఏం పెట్టాలో అందులో ఉంటుంది. ఆ సెట్టింగ్‌లో మేం ఖాళీగా వదిలేసిన చోట 0300 వేసి, ఆదేశాలు పంపే సైకిల్ 1 మిల్లీసెకనుకు పెట్టాం. మోటారు సన్నగా గుయ్‌మని బిగుసుకుంది. మావాడు టీ గ్లాసు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

ఈ డ్రైవ్‌లకు సీఐఏ 402 అని ఉమ్మడి భాష ఉంది. ఏ కంపెనీదైనా ఆదేశం 6040 నంబరు గడిలో, స్థితి 6041 నంబరు గడిలో. భాష ఒకటే అయినా ఎవరి యాస వారిది. ఆ యాస రాసిన ఫైలే మాకు ఇవ్వరు.

హైదరాబాద్‌లో కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే కేంద్రం టీ-వర్క్స్ మీ ప్రభుత్వానిదే. అక్కడో బెంచి మీద లైనక్స్‌సీఎన్‌సీ కంప్యూటర్ పెట్టి, మార్కెట్లోకి వచ్చే డ్రైవ్‌లను కట్టి చూసి, నడిచిన సెట్టింగ్ ఫైళ్లు అందరికీ ఇవ్వమనండి. ప్రభుత్వ ఐటీఐలకు మిషన్లు కొనే టెండర్లలో, ఈఎస్ఐ ఫైలు, అలారం కోడ్ల పట్టిక అందాకే బిల్లు పాస్ కావాలని రాయించండి. ఓపెన్ సోర్స్ వాడకంపై కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది, కానీ అది ప్రభుత్వ ఆఫీసుల కంప్యూటర్ వ్యవస్థల కోసం. మా షెడ్డు దాకా రాలేదు.

ఇప్పుడు మిషన్ నడుస్తోంది. వై యాక్సిస్ డ్రైవ్ మాత్రం రోజుకోసారి ఏదో అలారం చూపిస్తుంది. పట్టిక లేదు కాబట్టి స్విచ్ ఆపి మళ్లీ వేస్తున్నాం.

ఇట్లు,
బాలానగర్ వర్క్‌షాప్ యజమాని