నా దగ్గర చూపించడానికి బోర్డు లేదు

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో ఒక జూనియర్ కాలేజీ వెనక సందులో పద్దెనిమిదేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. పిల్లల ఆరోగ్యం గురించి డాక్టర్లు, లెక్చరర్లు రాస్తూనే ఉంటారు. ఈసారి వాళ్లకు సరుకు అమ్మేవాడి మాట కూడా వినండి.

మా కొట్టులో ఇప్పుడు అన్నిటికన్నా ముందు ఖాళీ అయ్యేది ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు. డబ్బా వంద రూపాయలు ఉన్న రోజుల్లో పిల్లలు దాని జోలికి వచ్చేవారు కాదు. పావులీటరు ప్లాస్టిక్ సీసా వచ్చాక ఆ అడ్డు పోయింది. ఇంటర్ పరీక్షలు దగ్గరపడితే రాత్రి స్టడీ అవర్ వదలగానే వచ్చి తలా రెండు పట్టుకెళతారు.

మొన్న మార్చిలో ఒక కుర్రాడు మూడో సీసా అడిగాడు. చిల్లర లెక్కపెడుతుంటే వేళ్లు వణుకుతున్నాయి. "సరిగ్గా నిద్రపోయి ఎన్ని రోజులైందిరా?" అన్నాను. "ఫిజిక్స్ అయిపోయాక పడుకుంటానండీ" అన్నాడు. ఇచ్చాను. ఇచ్చాక మనసొప్పక, సీసా మీది చీమతలకాయంత అక్షరాలను డిగ్రీ చదివే మా అబ్బాయి చేత చదివించాను. పిల్లలు, గర్భిణులు, బాలింతలు తాగడం మంచిది కాదట. రోజుకు 500 మిల్లీలీటర్లు మించకూడదట. అంటే రెండు సీసాలు. మూడోది నా చేత్తోనే ఇచ్చాను.

ఇలాంటి పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించింది. ఆ లెక్కన పావులీటరులో 75 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. టీ అయితే వేడిగా, కాస్త వగరుగా ఉంటుంది, రెండో గ్లాసుకే నోరు వద్దంటుంది. ఇది చల్లగా, తియ్యగా గుటకలో దిగిపోతుంది. తాగిన ఐదు గంటల తర్వాత కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుందని మా వీధి మందుల షాపాయన చెప్పాడు. రాత్రి పదింటికి తాగినవాడికి తెల్లవారుజామున మూడింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. ఐదింటికి మళ్లీ స్టడీ అవర్ గంట కొడతారు. ఇక వాడు పడుకునేది ఎప్పుడు? పగలంతా మగత, సాయంత్రం మళ్లీ నా కొట్టు. తప్పంతా సీసాదే అనను, ఆ గంట కొట్టేవారికీ ఇందులో వాటా ఉంది.

అమ్మడం మానేయవచ్చు కదా అంటారు. మానేసి చూశాను, పది రోజులు. పిల్లలు ఎదురు కొట్టుకు వెళ్లారు. వెళ్లినవాళ్లు పెన్నులు, బిస్కెట్లు కూడా అక్కడే కొన్నారు. నా ఒక్కడి మంచితనంతో సందులో ఒక్క సీసా కూడా తగ్గలేదు.

సిగరెట్ల సంగతి వేరు. విద్యాసంస్థలకు 100 గజాల లోపల అమ్మకూడదని, 18 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. అది ఎంత చక్కగా అమలవుతోందో మా సందు చివర ఐదు నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. అయినా నాకది పనికొచ్చింది. ఎవరైనా అడిగితే బోర్డు చూపిస్తాను, అక్కడితో వాదన ఆగిపోతుంది. ఈ సీసాలకు అలాంటి బోర్డేదీ నా దగ్గర లేదు. లిథువేనియా 2014లోనే, పోలండ్ 2024 జనవరి నుంచి 18 ఏళ్లలోపు వారికి ఎనర్జీ డ్రింకులు అమ్మకుండా చట్టం తెచ్చాయి. పూర్తిగా నిషేధించమని నేనూ అడగడం లేదు. ఆ వయసు నిబంధన ఇక్కడా పెట్టమంటున్నాను.

హెచ్చరిక తెలుగులో, కంటికి ఆనేలా ఉండాలి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలన్నది ఇప్పటి నిబంధన. కొడుకు పుస్తకాల సంచిలో ఖాళీ సీసా దొరికిన తల్లి దాన్ని కూల్‌డ్రింకే అనుకుని చెత్తబుట్టలో వేస్తుంది.

వచ్చే పరీక్షలలోపు అధికారులు ఏదో ఒకటి తేల్చాలి. సిగరెట్ల బోర్డు పక్కన నేను మేకు కొట్టి ఉంచాను.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
తెనాలి