పేరు చెప్పకుండా సాయం చేసిన మీకు

నా పాత కంప్యూటర్‌లో ఉన్నది 10బేస్2 కార్డు, అంటే సన్నని కోయాక్సియల్ కేబుల్‌తో నడిచే పాతకాలపు నెట్‌వర్క్ కార్డు. దాన్ని ఇంట్లో రౌటర్‌కు కలపాలని మూడు వారాలు తంటాలు పడ్డాను. బీఎన్‌సీ (ఆ కోయాక్సియల్ కేబుల్‌కి), ఆర్‌జే45 (ఇప్పటి నెట్‌వర్క్ కేబుల్‌కి) పోర్టులు రెండూ ఉన్న హబ్ దొరికింది గానీ, ఒక్క ప్యాకెట్ కూడా దాటలేదు.

నేను పెట్టిన ఫొటో చూసి మీరు ఒక్కటే అడిగారు: "కేబుల్ మీద ఏం రాసుందండీ?" చూస్తే ఆర్‌జీ-59, టీవీలకు వాడే 75 ఓమ్‌ల రకం! కావాల్సింది 50 ఓమ్‌ల ఆర్‌జీ-58. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి. పైగా ఒక చివర టెర్మినేటరే (కేబుల్ కొసకు బిగించే, లోపల రెసిస్టర్ ఉన్న చిన్న మూత) లేదు. అది లేకపోతే సిగ్నల్ చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగొస్తుందని ఎంత ఓపిగ్గా చెప్పారో!

కేబుల్ మార్చి, రెండు చివర్లా టెర్మినేటర్లు బిగించాను. పింగ్‌కి (కనెక్షన్ ఉందో లేదో చూసే పరీక్షకు) జవాబు వచ్చింది. సెకనుకు 10 మెగాబిట్లే, నాకు అదే పండగ. మీకు శతకోటి వందనాలు.