విషయం: ఇది నా 11వ మెయిల్, ఈసారైనా టీవీ ఆఫ్ చేసి ఆన్ చేయమనకండి

కస్టమర్ కేర్ వారికి, వారి పైన మనుషులెవరైనా ఉంటే వారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. అయినా ఇంట్లో నేర్పారు కాబట్టి నమస్కారం.

నేను పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఒడిశాలో గజపతి జిల్లా. మీ వీడియో స్కేలర్ బాక్సు, అదే పాత గేమ్ మెషీన్ల బొమ్మని కొత్త టీవీకి సరిపడా పెంచే డబ్బా, ఆగస్టులో కొన్నాను, 14,500 రూపాయలు. లోపమేంటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఇప్పటికే పది మెయిళ్ళలో, తొమ్మిది ఫోన్లలో చెప్పి నాకే విసుగొచ్చింది. సెప్టెంబర్లో మీరు పంపిన అప్‌డేట్ వేశాక, ప్లేస్టేషన్‌లో ఆట మధ్యలో మెనూ తెరిస్తే తెర నల్లబడి 'నో సిగ్నల్' అని వస్తుంది, ఇక బొమ్మ రాదు. ఆట 240పి, అంటే బొమ్మకి 240 గీతలు, మెనూ 480ఐ, అంటే 480 గీతల్ని సగం సగంగా రెండు విడతల్లో పంపడం, ఆ మార్పు దగ్గర మీ బాక్సు చేతులెత్తేస్తోంది. అప్‌డేట్‌కి ముందు రెండు సెకన్లు నల్లబడి వచ్చేసేది, దానికి నేనేమీ అనలేదు. యంత్రమన్నాక లోపాలు వస్తాయి. నా గొడవంతా మీతోనే.

మొదటి ఫోన్. తెలుగు కోసం 4 నొక్కమంది, నొక్కాను. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి హిందీలో ఒకమ్మాయిని ఇచ్చారు. నాకు హిందీ వచ్చు, ఒడియా కూడా వచ్చు, మా ఊళ్ళో మూడూ రాకపోతే కూరగాయలు కూడా కొనలేం. అది కాదు బాధ. అంతా విని ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట, "మీ డిష్ రీఛార్జ్ అయిపోయిందేమో చూశారా?" అని.

రెండో అబ్బాయి మర్యాదస్తుడు. మాట మాటకీ సర్ అన్నాడు. టీవీ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు, చేశాను. వైరు మార్చమన్నాడు, బజారుకెళ్ళి కొత్తది కొనుక్కొచ్చి మార్చాను. ఫోటో పంపమంటే పంపాను. మర్నాడు జవాబొచ్చింది: "తెర మీద పైనా కిందా నల్ల అంచు కనిపిస్తోంది కాబట్టి మీ టీవీ ప్యానెల్ పోయింది." బాబూ, ఆ నల్ల అంచు నేను పెట్టుకున్నది! 240ని 4తో హెచ్చిస్తే 960, 5తో హెచ్చిస్తే 1200. నా టీవీకున్నవి 1080 గీతలే. అందుకే 960లో పెట్టుకుని పైన 60, కింద 60 గీతలు ఖాళీగా వదిలేశాను, చుక్క చుక్కా సమానంగా రావాలని. ఆ సంగతి మీ బాక్సుతో వచ్చిన కాగితంలోనే ఉంది. మీ కాగితం మీవాళ్ళే చదవలేదు.

మూడో ఆయన టెక్నికల్ సీనియర్ అట. "ఇండియాలో పాల్ కదా సర్, పాల్‌లో పెట్టుకోండి" అన్నాడు. పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ పాత టీవీల పద్ధతులు. ఆ ప్లేస్టేషన్ మా బావ సింగపూర్ నుంచి తెచ్చింది, ఎన్‌టీఎస్‌సీది, సెకనుకు 60 బొమ్మల లెక్క. పాల్ అంటే 50. అది గేమ్‌లో బటన్ నొక్కితే మారేది కాదండీ అంటే, "మీరు సహకరించడం లేదు సర్" అని టికెట్‌లో రాసేశాడు. అవును, ఆ ముక్క నాకు మెయిల్లో వచ్చింది. నేను సహకరించడం లేదట.

ఇక నాలుగో ఆయన మాట మర్చిపోలేకపోతున్నాను. "పాత గేమ్ కదా సర్, బొమ్మ అలాగే ఉంటుంది" అన్నాడు.

అలా ఉండకూడదనే కదయ్యా నీ కంపెనీ బాక్సు అమ్మింది? 1999లో మా సందులో రెండు డబ్బా టీవీలు పెట్టి గేమ్ పార్లర్ నడిపినవాణ్ణి నేను. గంటకు 10 రూపాయలు. బడి వదిలితే గుంటలంతా అక్కడే. ఆ బొమ్మ ఎలా ఉండేదో నాకు చెప్పకండి. పిక్చర్ ట్యూబ్ ఆ 240 గీతల్నీ సెకనుకు 60 సార్లు గీసేది, గీతకీ గీతకీ మధ్య సన్నటి నల్ల సందు ఉండేది, నాలుగు చుక్కలతో గీసిన ముఖం కూడా ఆ సందుల వల్లే నిండుగా కనపడేది. కొత్త టీవీకి పసుపు వైరు నేరుగా గుచ్చి చూడండి, అది 240ని 480ఐ అనుకుంటుంది, లేని రెండో సగం కోసం వెతికి, రెండు బొమ్మల్ని కలిపి పులుసు చేసి, అది కూడా ఆలస్యంగా వడ్డిస్తుంది. మారియో గోతిలో పడ్డాక గెంతుతాడు. నా ఆఖరి డబ్బా టీవీకి పోయిన ఏడాది ఈహెచ్‌టీ (పిక్చర్ ట్యూబ్‌కి హై వోల్టేజీ ఇచ్చే భాగం) పోయింది, పార్టు దొరకలేదు, అందుకే మీ దగ్గరికొచ్చాను. బాతుల్ని కాల్చే తుపాకీ ఆట కొత్త టీవీలో ఆడలేనని నాకు తెలుసు, ఆ తుపాకీకి పిక్చర్ ట్యూబ్ వెలుగే కావాలి, అది మీ తప్పని నేనెప్పుడూ అనలేదు. ఈ మాట మాటల్లో అన్నందుకు మీవాళ్ళు ఒక టికెట్‌కి 'గన్ పనిచేయడం లేదు' అని పేరు పెట్టి మూసేశారు.

సర్వీస్ సెంటర్ కథ ఇంకో రకం. కొనేటప్పుడు మీ సైటు మా పిన్‌కోడ్ తీసుకోలేదు. పక్కనే పాతపట్నంలో మా అక్క ఇల్లుంది, ఆటోలో పోయి రావచ్చు, ఆ అడ్రసు పెట్టాను. అది ఆంధ్రా. ఇప్పుడు రిపేరు అంటే భువనేశ్వర్ వాళ్ళు "బిల్లు ఆంధ్రాది, విశాఖ అడగండి" అంటారు. విశాఖ వాళ్ళు "మీరుండేది ఒడిశా, భువనేశ్వర్ అడగండి" అంటారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. పెళ్ళిళ్ళు ఆగలేదు, వ్యాపారాలు ఆగలేదు, మీ బాక్సు ఒక్కటే సరిహద్దు దాటలేకపోతోంది. చివరికి సెలవు పెట్టి నేనే విశాఖ వెళ్ళాను. మీరిచ్చిన అడ్రసులో ఫోన్ కవర్లమ్మే కొట్టుంది. ఆ పిల్లాడు పాపం మంచివాడు, టీ ఇప్పించి, "ఆ కాంట్రాక్టు వేసవిలోనే అయిపోయిందన్నా, వారానికి ఇద్దరొస్తారు మీలాగే" అన్నాడు. మొత్తం వ్యవహారంలో నా మాట పూర్తిగా విన్నది అతనొక్కడే. అతనికి జీతం మీరివ్వడం లేదు కూడా.

తర్వాత కొరియర్ పికప్ అన్నారు. అక్క ఇంటి గుమ్మంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగున్నరకు మెసేజ్: 'కస్టమర్ అందుబాటులో లేరు.' అక్క నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రే టికెట్ మూసేశారు. 'మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి' అన్నారు. ఒక స్టార్ ఇచ్చాను. పది నిమిషాల్లో ఫోన్! మూడు నెలల్లో మీరై మీరు చేసిన ఫోన్ అదొక్కటే. బాక్సు గురించేమో అనుకున్నాను. రేటింగ్ కొంచెం మార్చగలరా అని అడిగారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. కొండల్లో సవరల భాష ఎవరికీ పట్టని రోజుల్లో ఆయన అది నేర్చుకుని నిఘంటువు రాశారు. అంత మిమ్మల్ని అడగను. మామూలు మాటల్లో రాసిన ఒక్క మెయిల్ మొదటి నుంచి చివరిదాకా చదవడానికి మీ దగ్గర ఒక్క మనిషి లేడా?

నేను కొత్తవాణ్ణి కూడా కాదు. 2017లో మీ చిన్న కన్వర్టర్ కొన్నాను, తర్వాత కేబుళ్ళు, ఇప్పుడిది. బరంపురం, శ్రీకాకుళం, విజయనగరంలో ఆరుగురి చేత కొనిపించాను. వాళ్ళిప్పుడు నాకు ఫోన్ చేసి అప్‌డేట్ వేయమంటావా అన్నా అని అడుగుతున్నారు. వద్దంటున్నాను. మీ పరువు కాపాడుతున్నానో తీస్తున్నానో నాకే తెలియడం లేదు.

పాత అప్‌డేట్ ఫైలు పంపితే చాలు, నేనే వెనక్కి వేసుకుంటాను, ఇది మూడో మెయిల్లోనే అడిగాను. ఇప్పుడు అది కూడా చాలదు. విశాఖ ఛార్జీలు ఇవ్వండి, బాక్సు మార్చండి, లేదా డబ్బు తిరిగివ్వండి, ఏదో ఒకటి చేయండి, ఎవరో ఒకరు పేరు పెట్టి జవాబివ్వండి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. అప్పుడు మీరే పర్లాకిమిడి రావాలి. భువనేశ్వర్ నుంచి వస్తారో విశాఖ నుంచి వస్తారో మీలో మీరు తేల్చుకోండి.

వీడియో క్లిప్ మళ్ళీ జతచేశాను. 40 సెకన్లే ఉంది.

ఇట్లు,
మీ టికెట్లలో 'సహకరించని కస్టమర్'

తా.క.: ఇది రాస్తుండగానే మీ నుంచి మెసేజ్ వచ్చింది, పాత కస్టమర్లకు మాత్రమే కొత్త మోడల్ మీద 10 శాతం తగ్గింపట. మా పిన్‌కోడ్ కొట్టి చూశాను. డెలివరీ లేదు.